నూరు నాడెల తమేన్

గౌరీశంకర్ చేతిలో మిగిలింది ఒక్క బట్ట, ఒక్క సాయంత్రం. అమెరికాలోని క్యారీ ఊళ్ళో అతని పట్టు కొట్టు లీజు ఆ రోజుతో ఆఖరు. ఏడింటికి తాళాలు అప్పగించాలి. చీరలు, డాన్సు దుస్తులు, చివరికి నిలువుటద్దం కూడా అమ్ముడుపోయాయి. బర్మా తమేన్ ఒక్కటి కదల్లేదు.

తమేన్ అంటే అక్కడి ఆడవాళ్ళు నడుముకు చుట్టుకునేది. ఇది పాత రాణివాసపు పద్ధతిలో, పోగు నడిపే నూరు చిన్న నాడెలతో అలలు అలలుగా నేసింది. వెనక నేల మీద జీరాడేంత తోక. దాని కోసం వచ్చినవాడు డాక్టర్ మిన్ లాట్ ఒక్కడే. రంగూన్‌లో పుట్టి, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ గుండె డాక్టరుగా ఉన్నాడు. బర్మా రాజుల కాలపు దుస్తులు సేకరిస్తాడు. బేరం ఇంగ్లీషులో మొదలైంది.

"పదిహేను వందల డాలర్లు" అన్నాడు గౌరీశంకర్.

"ఆరు వందలు."

ట్యూబ్‌లైటు కింద పట్టు రంగు తెలియదని గౌరీశంకర్ భార్య భానుమతి తమేన్‌ను తీసుకెళ్ళి, గుమ్మం పైనున్న కడ్డీకి తోరణంలా వేలాడదీసింది. ఎండ పడి అలలు మెరిశాయి.

"ఆరు వందలు. కాదంటే వెళ్తాను" అని డాక్టర్ గుమ్మం వైపు తిరిగాడు.

ఆయన గడప దాటగానే వెనక్కి పిలిచి ఆ ఆరు వందలకే ఇచ్చేయాలని గౌరీశంకర్ అప్పటికే నిశ్చయించుకున్నాడు. రేపటి నుంచి కొట్టూ ఉండదు, కొనేవాడూ దొరకడు.

డాక్టర్ గడప ముందు ఆగాడు. తలెత్తి చూశాడు. వెనక్కి వచ్చాడు.

"దాన్ని దించి ఈ బల్ల మీద పరుస్తారా?"

బల్ల మీద పరిస్తే నేతలో లోపాలు వెతికి ఇంకా తగ్గిస్తాడని గౌరీశంకర్‌కు తోచింది. "అక్కడే బాగుందండీ, వెలుతురు ఉంది."

"ఎనిమిది వందలు" అన్నాడు డాక్టర్.

గౌరీశంకర్ నోరు తెరవబోయాడు. భానుమతి తెలుగులో అడ్డుకుంది. "మీరు మాట్లాడకండి. వెళ్ళేవాడైతే ఈపాటికి పార్కింగ్‌లో ఉండేవాడు."

"నిజంగానే వెళ్ళిపోతే?"

"వెళ్తే నేను ఆపుతాను. ఇప్పుడు మాత్రం ఆ దిగాలు మొహం అటు తిప్పుకోండి, చూస్తే ఊరికే ఇచ్చేసేలా ఉన్నారు."

డాక్టర్ కొట్టంతా చూశాడు. "వెనక తలుపు ఉందా? కారు అటు పెట్టాను."

"అది ఎమర్జెన్సీ తలుపండీ. తీస్తే అలారం మోగి ఫైర్ ఇంజిన్ వచ్చేస్తుంది."

డాక్టర్ ఫోన్ మోగింది. రెస్టారెంట్‌లో ఎదురుచూస్తున్న భార్య. "బయల్దేరాను, దారిలో ఉన్నాను" అని చెప్పి, ఉన్నచోటే నిలబడ్డాడు. ఏసీ చల్లగానే ఉంది, అయినా నుదురు తుడుచుకున్నాడు.

"వెయ్యి."

"పదిహేను వందలు" అంది భానుమతి, ఈసారి ఇంగ్లీషులో.

డాక్టర్ కార్డు తీసి ఇచ్చాడు. "ముందు దాన్ని దించండి."

భానుమతి తమేన్ దించి, మడిచి, సంచిలో పెట్టింది. డాక్టర్ సంచి అందుకుని ఒక్క అంగలో బయటపడ్డాడు. గౌరీశంకర్ సాగనంపడానికి వెంట వెళ్ళాడు. గెలిచిన మనిషికి మర్యాద ఎక్కువ.

"మంచి బట్ట మనిషిని కదలనివ్వదు డాక్టర్ గారూ. చూశారుగా, మీరే వెళ్ళలేకపోయారు."

డాక్టర్ కారు తలుపు తీసి, సంచి లోపల పెట్టి, ఇటు తిరిగాడు.

"మా దేశంలో ఆడవాళ్ళు నడుముకు కట్టే బట్ట కిందనుంచి మగవాడు నడవడు. నడిస్తే వాడి తేజస్సు పోతుందంటారు. నేను నమ్మను, నా కాళ్ళు నమ్ముతాయి. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేసింది. కాబట్టి మీ లెక్క సరిగ్గా రాసుకోండి: బట్టకు ఆరు వందలు, గుమ్మానికి తొమ్మిది వందలు."