నడుము లోతు గడ్డి

"మేకల్ని ఎక్కడ మేపాలో మాకే సెప్తావేటి బాబూ?" అంది తవిటమ్మ.

గజపతినగరం బ్లాకు నుంచి వచ్చిన గ్రామసేవక్ గణపతిరావుకి ఒళ్లు మండింది. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఈ ఊరి మేకలవాళ్లను ఒప్పించి, కాగితం మీద ఇరవై వేలిముద్రలు వేయించుకు రాకపోతే ఉద్యోగం ఖాయం కాదని ఆఫీసరు ముఖం మీదే చెప్పాడు. పచ్చిక బయళ్ల మీద నెల్లాళ్లు శిక్షణ పొందాడు గానీ, నిజం చెప్పాలంటే మేకను ఇంత దగ్గరగా చూడటం అతనికి అదే మొదలు.

"చెప్పేది వినండి. కొండను నాలుగు భాగాలు చెయ్యాలి. ఏడాదికో భాగం మూసెయ్యాలి. వానాకాలమంతా అందులోకి ఒక్క మేకా పోకూడదు. గడ్డి ఎదిగి గింజ రాలాకే తోలాలి. అర్థమైందా?"

"ఓపాలి కొండకి అవతల పక్కకి రా బాబూ, సూపిస్తాను," అంది తవిటమ్మ.

"చూడ్డానికేముంది? ఇక్కడ బోడిగా ఉన్న కొండ అక్కడ పచ్చగా ఉంటుందా?" అన్నాడు. అసలు సంగతి కొత్త బూట్లు. కొని రెండు రోజులే అయింది, మడమలు రెండూ బొబ్బలెక్కాయి. ఆ మాట పైకి చెప్తే పరువేం కాను?

అరగంట ఉపన్యసించాడు. మధ్యమధ్య ఇంగ్లీషు మాటలు కూడా విసిరాడు. ఈలోగా పంచడానికి తెచ్చిన కరపత్రాలను ఓ మేక తీరుబడిగా నమిలేసింది. ఆ రోజు అతని బోధను ఒంటబట్టించుకున్నది అదొక్కటే.

ఇక లాభం లేదని సంచిలోంచి ఆఖరి అస్త్రం తీశాడు. చుట్ట విప్పి గోడకు వేలాడదీశాడు. బ్లాకువాళ్లూ పశువుల డాక్టర్లూ కలిసి అచ్చు వేయించిన పెద్ద ఫోటో. నడుము లోతు గడ్డి, చుట్టూ బలిసిన మేకలు, మధ్యలో వానకు తాటాకు గిడుగు ముఖం మీదికి దించుకుని, కర్ర పట్టుకు నిలబడ్డ ఓ ఆడమనిషి.

అందరూ లేచి దగ్గరికి వచ్చారు. హమ్మయ్య, పని జరిగిందనుకుని గణపతిరావు పొంగిపోయాడు.

"చూశారా? ఈవిడా మీలాగే మేకలు కాసుకునేదే. చెప్పినమాట విని బాగుపడింది."

"ఆవిడికి ఎవులు సెప్పినారు బాబూ?" ఫోటో మీంచి కళ్లు తిప్పకుండా అడిగింది తవిటమ్మ.

"ఇంకెవరు? నాలాంటి చదువుకున్నవాళ్లే!"

ముసలి కూర్మయ్య నవ్వాపుకోలేక తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గణపతిరావు మాత్రం ఏమీ పట్టనట్టు వేలిముద్రల కాగితం ముందుకు చాపాడు.

తవిటమ్మ దాన్ని పక్కకి తోసింది.

"కాదు బాబూ. కొండకి అవతల పక్కన ఈ పొటో తీసిన జీపోలికీ అదే సెప్పినాను, నాకు నేర్పినాది మా అత్త!"