పదకొండు కిలోల ట్రాక్టరు

నిండా మిర్చి బస్తాలతో కాటా మీద నిలబడ్డ ట్రాక్టరు బరువు పదకొండు కిలోలట! అందులో కాయల తేమ ఆరువేల నాలుగొందల శాతమట!

తెర మీద ఆ అంకెలు చూసేసరికి తేజశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. మంగళగిరి నుంచి పర్చూరు పక్కనున్న ఈ కోల్డ్ స్టోరేజికి రావడం ఇది మూడోసారి.

“మళ్లీ తారుమారైందమ్మా,” అన్నాడు నెల కిందటే పనిలో చేరిన కాటా గుమాస్తా బుల్లయ్య, తాపీగా.

“కనపడుతోందండీ!”

యజమాని రఘురామ్ గుమ్మంలోకొచ్చాడు. “బయట ఇరవై ట్రాక్టర్లున్నాయి. రైతులు నన్ను కడిగేస్తున్నారు. సాయంత్రానికి కుదరకపోతే మీ కంప్యూటరు మీరు పట్టుకుపోండి.”

పట్టుకుపోవడమే! ఆ కంప్యూటరు వెనక్కొస్తే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదని ఆఫీసులో సారు పొద్దున్నే చెప్పి మరీ పంపాడు. ఈ ఉద్యోగం దొరకడానికి ఎన్ని గడపలెక్కిందో ఆమెకే తెలుసు.

సంగతేమిటంటే, కాటా నుంచి ఒక వైరు, తేమ మిషను నుంచి ఒక వైరు, రెండూ కంప్యూటరుకి తగులుతాయి. ఆన్ అయ్యేటప్పుడు ఏది ముందు కనపడితే దాన్నే కాటా అనుకుంటుంది ఆ మొద్దు కంప్యూటరు. అలా అనుకోకుండా, దాన్ని నడిపే లినక్సులో ఒక రూలు రాసిపెట్టాలి. సీరియల్ నంబరు చూసి గుర్తుపట్టమందామంటే, రెండూ చవకరకం వైర్లు, రెండింటికీ ఒకటే నంబరు! చేసేది లేక పోయినసారి, ఎడమ పోర్టులో ఉన్నది కాటా, కుడి పోర్టులో ఉన్నది తేమ మిషను అని రాసి వెళ్లింది.

ఇప్పుడు బల్ల కిందికి దూరి వైర్లు పట్టుకుని చూస్తే, ఎడమన ఉన్నది తేమ మిషను వైరు.

‘నేనే తిరగేసి రాశానా? నా బుద్ధి గడ్డి తిన్నదా?’ అని తల బాదుకుని, రూలు మార్చి రాసింది. పదిసార్లు కంప్యూటరు ఆపి, పదిసార్లు పెట్టింది. పదిసార్లూ బరువు బరువులా, తేమ తేమలా కనపడ్డాయి.

“అమ్మయ్య,” అంటుండగానే కరెంటు పోయింది.

జనరేటరు చల్లగదుల్లో కాయలకే గానీ ఆఫీసులో మనుషులకి కాదు. ఉక్క భరించలేక అందరూ వరండాలోకి నడిచారు. చీపురు పట్టుకున్న సుబ్బరావమ్మ ఒక్కతే లోపల మిగిలింది. పావుగంటకి కరెంటొచ్చింది. సుబ్బరావమ్మ చెత్త పారబోయడానికి వెళ్తుంటే, తేజశ్రీ లోపలికెళ్లి చూసింది.

పదకొండు కిలోలు!

“ఎవరు ముట్టుకున్నారు దీన్ని?”

“ఎవరు ముట్టుకుంటారమ్మా? నేను నీ పక్కనే ఉన్నాగా!” అన్నాడు బుల్లయ్య.

ఆమెకి ఏడుపొచ్చింది. మళ్లీ బల్ల కిందికి దూరింది. ఎడమన కాటా వైరు. ఇందాక అక్కడ తేమ మిషను వైరు ఉంది గదా? ఉందా? తన కళ్ల మీద తనకే నమ్మకం పోయింది. రూలు మళ్లీ తిరగేసి రాసింది. పదిసార్లు ఆపి పెట్టింది. అంతా సవ్యంగానే ఉంది.

కరెంటు మళ్లీ పోయింది. ఈసారి వరండాలో ఉండగా సారు ఫోను.

“ఏమైంది తేజశ్రీ?”

“సార్, రూలు కరెక్టే. నేను ఆపి పెడితే బానే ఉంటుంది, కరెంటు పోయొస్తేనే...”

“కథలొద్దు. అయిందా, లేదా?”

అంతలో లోపల ఫ్యాను తిరిగిన చప్పుడైంది. ఫోను చేతిలో పట్టుకునే ఒక్క ఉరుకున లోపలికెళ్లింది. బల్ల కింద నుంచి రెండు కాళ్లు కనపడుతున్నాయి.

“ఏం చేస్తున్నావక్కడ?”

“అట్టా అరుస్తావేందమ్మా, గుండె ఆగిపోయింది!” అంటూ సుబ్బరావమ్మ బయటికొచ్చింది. “చూడటంలా? వైర్లు మారుస్తన్నా. ఇటుది అటు, అటుది ఇటు.”

“ఎన్నాళ్ల నుంచి?”

“రెండు నెల్ల నుంచీ. కరెంటు పోయొచ్చినప్పుడల్లా మారుస్తన్నా. జరమొచ్చిన రోజు గూడా మానలా!”

తేజశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తప్పు తనది కాదు! రూలుదీ కాదు! “సార్, విన్నారా? దొరికింది సార్!” అని ఫోను స్పీకరులో పెట్టింది.

కేకలు విని రఘురామ్ పరుగున వచ్చాడు. విషయం తెలిసి మండిపడ్డాడు. “రెండు నెలలు నా పరువు తీశారు గదా! ఎవరు మార్చమన్నారే నిన్ను?”

“నాకేం తెలుసయ్యా? కాగితం రాసి కంప్యూటరుకి అంటించిపోయారు. మా మనవరాలు చదివి చెప్పింది. చిరిగిపోద్దని లామినేషన్ గూడా చేయించా.”

“ఆ కాగితం పట్టుకో తేజశ్రీ!” ఫోనులో సారు గొంతు ఖంగుమంది. “రాసినవాళ్ల పేరు రిపోర్టులో పెడదాం. నీ ఉద్యోగానికేం ఢోకా లేదు.”

“పేరు తెలియాలి, ఇవాళే గేటు బయటికి పంపిస్తా,” అన్నాడు రఘురామ్.

సుబ్బరావమ్మ ఎప్పుడూ బార్లా తెరిచుండే తలుపుని దగ్గరికి లాగింది. దాని వెనక, నాలుగు మూలలా పసుపు బొట్లతో వేలాడుతోంది అట్ట. రఘురామ్ కళ్లద్దాలు పెట్టుకుని గట్టిగా చదివాడు.

“రెండు వైర్లూ తారుమారవుతున్నాయి. మళ్లీ వచ్చి రూలు రాస్తాను. అప్పటిదాకా కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఒకదాని చోట ఇంకొకటి పెట్టండి. మర్చిపోవద్దు. ఇట్లు...”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

“ఆఁ, ఇట్లు?” అంది ఫోను.

“తేజశ్రీ, ఇంజినీరు, మంగళగిరి.”