న్యూ ఫోల్డర్‌లో న్యూ ఫోల్డర్

“ఛీ, ఛీ. ఇది కంప్యూటరా, పెంటకుప్పా?”

హోటల్ సూపర్‌వైజర్ ముక్కు మూసుకున్నంత పని చేశాడు. ఎదురుగా తెర మీద అతని భార్య హోమ్ ఫోల్డర్, ఆమె ఫోన్లో తీసినవన్నీ వచ్చి పడేది, తెరిచి ఉంది. పేరూ ఊరూ లేని ఫైళ్ళు పైనుంచి కిందిదాకా కిక్కిరిసి ఉన్నాయి.

“రేపు నేనే సర్దేస్తానండీ,” అంది భార్య, వెనకాల నిలబడి తడిచేతులు తుడుచుకుంటూ.

“ఏడాదిగా ఈ రేపు వింటూనే ఉన్నాను. ఇవాళ నాకు సెలవు. ఒక్కో ఫైలూ తెరిచి చూస్తా, చెత్తంతా తీసేస్తా. అది అయ్యేదాకా ఈ కుర్చీలోంచి లేవను.”

ఆమె చేతులు తుడుచుకోవడం ఆపింది. కాసేపటికి మళ్ళీ తుడుచుకుంది.

“పోనీ అన్నీ ఒకేసారి తీసేయండి.”

“చూడకుండానా? లోపల ఏముందో తెలియొద్దూ?”

హోటల్లో గదుల శుభ్రత చూడడం అతని ఉద్యోగం. మంచం కింద వేలు పెట్టి రాసి, ఆ వేలు పనివాళ్ళ ముఖం ముందు ఆడిస్తాడు. స్నానాలగదిలో వెంట్రుక కనబడితే ఆ పూట అతనికి ముద్ద దిగదు. ఇంటికొచ్చినా ఆ కళ్ళు ఊరుకోవు. పెళ్ళయిన దగ్గర్నుంచీ భార్య బ్యాగులోంచి పాత రసీదులు, ఫోన్లోంచి అక్కర్లేని నంబర్లు, ఇంట్లోంచి ఊరికే వచ్చి కూర్చునే స్నేహితురాళ్ళు, ఒక్కొక్కటే ఏరి పారేశాడు. ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి ఆమె బ్యాగు బల్ల మీద బోర్లించాల్సిందే, ఫోను చేతికివ్వాల్సిందే. మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేమిటంటాడు. ఆ ఇంట్లో అతని చెయ్యి పడనిది ఈ ఫోల్డర్ ఒక్కటే. తెరిచినప్పుడల్లా రోత పుట్టి మూసేసేవాడు.

విచిత్రమేమిటంటే, ఆమె శుచీ శుభ్రం తెలియని మనిషేం కాదు. వంటింట్లో డబ్బాలు వరస తప్పవు. పెళ్ళికి ముందు మందుల షాపులో పనిచేసేటప్పుడు, అడిగిన మాత్ర కళ్ళు మూసుకుని తీసిచ్చేదని వాళ్ళమ్మ గొప్పగా చెప్పుకునేది. అలాంటి మనిషికి కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి ఈ రోగమేమిటో అతనికి అంతుబట్టలేదు.

మొదటి ఫైలు తెరిచాడు. గచ్చు ఫొటో. రెండోది అదే గచ్చు, కాస్త మసగ్గా. మూడోది కాలి బొటనవేలు, గోట్లో మట్టితో సహా.

“ఎవరే ఇవి తీసింది?”

“చెయ్యి తగిలి పడుంటాయండీ.”

“నిన్నటి తారీఖుతోనే ఇన్ని ఉన్నాయి. నిన్నంతా తగులుతూనే ఉందా చెయ్యి?”

“నాకు ఫోను పట్టుకోవడమే రాదని మీరే అంటారుగా.”

అన్నమాట నిజమే కాబట్టి ఇంకో ఫైలు తెరిచాడు. సింకులో ఎంగిలి గిన్నెలు. నానిన మెతుకులు పైకి తేలి ఉన్నాయి. అది మూసి ఇంకోటి తెరిచేసరికి తెరంతా ఒకటే నల్లగా నిండింది. దువ్వెనకి చుట్టుకున్న వెంట్రుకల ఉండ. అతను కుర్చీ వెనక్కి జరిపాడు.

“ఇదెందుకు తీశావే?”

“జుట్టు ఊడిపోతోందని డాక్టరుకి చూపిద్దామని.”

“డాక్టరుకి ఇన్ని చూపించాలా? వరసపెట్టి వెంట్రుకలే కదే!”

“ఏది బాగా పడిందో తెలీక అన్నీ ఉంచేశాను.”

ఆ వెంట్రుకల కింద ఒక న్యూ ఫోల్డర్ కనబడింది. తెరిస్తే అందులో ఇంకో న్యూ ఫోల్డర్, దాని చుట్టూ మళ్ళీ వెంట్రుకలు. దాన్ని తెరిస్తే ఇంకోటి.

“ఇందులో ఏముంది?”

“గుర్తు లేదండీ. ఇంకా లోపలికెళ్ళి చూడండి, ఏదో ఉండే ఉంటుంది.”

పంతం కొద్దీ ఇంకో అడుగు లోపలికెళ్ళాడు. అక్కడ స్నానాలగది తూము ఫొటో ఉంది. జాలీ ఎత్తి, దగ్గర్నుంచి తీసినది. సబ్బు జిగురు, వెంట్రుకలు, ఇంకేదో పసుప్పచ్చగా.

డోకొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచాడు.

“నా వల్ల కాదు తల్లీ. నీకో దండం, నీ చెత్తకో దండం. చచ్చినా దీని జోలికి రాను.”

చేతులకి ఏదో అంటుకున్నట్టు విదిలించుకుంటూ స్నానాలగదిలోకి దూరాడు. కుళాయి చప్పుడు మొదలైంది.

ఆమె వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. అతను ఆపిన చోటునుంచి ఒకదానిలో ఒకటి ఫోల్డర్లు తెరుచుకుంటూ పోయింది. వేలు ఎక్కడా తడబడలేదు.

“ఆ దరిద్రాన్ని ఇంకెన్నాళ్ళు పెట్టుకుంటావే?” లోపల్నుంచి అడిగాడు.

“రేపు పొద్దుటితో సరండీ. మీరు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంట్లో ఏ చెత్తా ఉండదు.”

“చూద్దాం, చూద్దాం,” అన్నాడతను, సబ్బు ఇంకోసారి రుద్దుకుంటూ.

ఆఖరి న్యూ ఫోల్డర్‌లో ఒక్కరికి మాత్రమే తీసిన రైలు టిక్కెట్టు ఉంది.