తలుపు మీది జెండా

పాప ఏడుపు పోయింది మంగళవారం నాడు. నోరు తెరిచింది, ముఖం కందిపోయింది, శబ్దం మాత్రం రాలేదు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది. టీచరు తన ఆరు నెలల కూతుర్ని దుప్పటిలో చుట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

శనివారం వచ్చినా పాప ముక్కులో ఆక్సిజన్ గొట్టం అలాగే ఉంది.

“ఇంట్లో ఎవరికైనా జలుబు చేసిందా అమ్మా?” నర్సు అడిగింది.

“నాకే. రెండు రోజులు ముక్కు కారింది, అంతే.”

“పెద్దవాళ్లకి అంతే. అదే వైరస్ ఇంత పసివాళ్లకైతే ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది.”

“బడిలో అంటుకుంది, ఇంకెక్కడ!” అత్తగారు అందుకుంది. “దర్జీ కూతురొకతి ముందు బల్లలో కూర్చుని వారమంతా ఖళ్లుఖళ్లుమని దగ్గిందట. అలాంటి పిల్లని బడికి తోలడానికి ఆ తల్లికి బుద్ధుండక్కర్లా? మా కోడలు ప్రాణం పెట్టి చెబుతుంది. ఈ నెల హాజరు జెండా దీని తరగతి తలుపుకే కట్టారు. ఒక్క పిల్లైనా ఒక్కరోజు మానలేదు, తెలుసా!”

టీచరు పాప పాదం పట్టుకుని తెర మీది ఆక్సిజన్ అంకె వైపే చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం ఆ పిల్ల తల్లి, దర్జీ, వచ్చింది. గుమ్మం దాటలేదు. చేతిలో గుడ్డముక్కలతో కుట్టిన చిన్న టోపీ ఉంది.

“పాపకెలా ఉందండీ?”

“చూడు, కళ్లారా చూడు నీ నిర్వాకం!” అత్తగారు లేచింది. “దగ్గే పిల్లని రెండు రోజులు ఇంట్లో ఉంచుకుంటే ఏం కొంప మునిగేది?”

దర్జీ టీచరు వైపు చూసింది. టీచరు తల వంచుకుంది.

“తప్పయిపోయిందమ్మా,” అంది దర్జీ. “పంపకుండా ఉండాల్సింది.”

“మీ అమ్మాయికి తగ్గిందా?” టీచరు అడిగింది.

“తగ్గిందండీ. కానీ మంచం కిందికి దూరి కూర్చుంటోంది. పాపకి తన వల్లే ఇలా అయిందని ఎవరో అన్నారట. ఇప్పుడు పొలమారినా సరే, రెండు చేతులతో నోరు మూసుకుంటోంది.”

లోపలికొచ్చి టోపీని టీచరు చేతిలో పెట్టి, “లోపల మీ కాగితం ఒకటి ఉందండీ. మీ దగ్గరే ఉండనివ్వండి,” అని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పాప గొంతు లేచింది. సన్నగా, బొంగురుగా.

“ఏడువమ్మా, ఏడువు! నీ నోరు బంగారం గానూ!” అత్తగారు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

పాప ఇంటికొచ్చి వారమైంది. టోపీ సరిగ్గా సరిపోయింది. టీచరు బడికి వెళుతోంది. తలుపు మీద జెండా అలాగే ఉంది, ముందు బల్లలో ఒక చోటు ఖాళీగా ఉంది. టోపీ లోపల దొరికిన కాగితం ఆమె సంచిలో నాలుగు మడతలుగా ఉంది: “పిల్లకి దగ్గు ఎక్కువగా ఉంది. రెండు రోజులు సెలవు ఇప్పించండి.”

దాని కింద ఎర్రసిరాతో “కుదరదు, పంపండి” అని రాసింది తానేనని టీచరు ఇంకా ఎవరికీ చెప్పలేదు.