ఫ్రేములో గడగడ

"ఇది బాగుపడదమ్మా. కొత్తది కొనుక్కో" అన్నాడు మెకానిక్, స్టాండుకి వేలాడుతున్న కొండ సైకిల్ని తేరిపార చూసి.

"అయ్యో అన్నా, పదిన్నరకి గేటు మూసేస్తారు!" ఆమెకి కాలు ఒకచోట నిలవడం లేదు. "తనిఖీవాళ్లు సైకిల్ని ఎత్తి ఒక్క కుదుపు కుదిపారు. లోపల ఏదో ఊడినట్టుంది, బాగు చేయించుకొస్తేనే రేసులోకి అన్నారు. ఇప్పటికే పది దాటింది."

పిల్లాడు పుట్టాక ఇదే ఆమెకి మొదటి రేసు. ఆ పిల్లాడు భర్త చంకలో ఉన్నాడు. ఏడాదిన్నర. ముందుకు వంగి మెకానిక్ సామాన్లు అందుకోవాలని ఒకటే గింజుకుంటున్నాడు గానీ మధ్యలో అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు అవతల గోడ మీద, మేకుకి వేలాడదీసిన అట్టముక్క.

"మరలు తిప్పే నా ఎర్ర పిడి అలెన్ కీ కొట్టేసినవాళ్లు మర్యాదగా తెచ్చివ్వాలి. అంతవరకు ఎవరూ తాడు దాటరాదు."

మెకానిక్ పెడల్ తిప్పాడు. గడగడమంది.

"విన్నావా? పెడల్ ఇరుసు దగ్గర బేరింగు. ఇదివరకు దానికి మర ఉండేది. విప్పి, గ్రీజు పెట్టి, మళ్లీ బిగించేవాణ్ణి. ఇప్పుడు కంపెనీ మహానుభావులు మర తీసేసి, గుద్ది కూర్చోబెడుతున్నారు. పోనీ కొత్తది వేద్దామా అంటే ఈ సైజు పోయినేడే ఆపేశారు. కొత్త సైజు రెండు మిల్లీమీటర్లు ఎక్కువ."

"రెండు మిల్లీమీటర్ల కోసం సైకిలే మార్చుకోవాలా?"

"నన్నడిగితే నేనేం చెప్పను? చక్రం ఇరుసు మార్చారు, హ్యాండిల్ లావు మార్చారు. బ్రేకు తీగలు తీసుకెళ్లి ఫ్రేము కడుపులో దాచారు. మూడు వారాల కింద నీకు ఒక్క తీగ మార్చడానికి సగం సైకిల్ విప్పానా లేదా? ఎందుకురా అంటే, చూడ్డానికి నున్నగా ఉండాలట!"

"నాలుక బయటపెట్టి కొండెక్కుతుంటే నున్నగా ఉందో లేదో ఎవడు చూస్తాడన్నా!"

మెకానిక్ నవ్వేశాడు. నవ్వుతూనే స్క్రూడ్రైవరు మేజోడులోకి దోపుకున్నాడు. చేతిలోని పానాని పక్కనున్న చక్రం పుల్లల మధ్య ఇరికించాడు. మరుక్షణమే "ఇక్కడ పానా ఉండాలే!" అంటూ తాడు ఇవతల ఉన్న ముగ్గురినీ అనుమానంగా చూశాడు. అది దొరికాక కూడా చూపు మార్చలేదు.

బయట మైకు అరిచింది. "ఆడవాళ్ల పోటీ! ఇంకా పదిహేను నిమిషాలే!"

"ఇచ్చెయ్యన్నా" అంటూ ఆమె చేతులు చాపింది. " వెళ్లి కాళ్లో వేళ్లో పట్టుకుంటాను."

మెకానిక్ సైకిల్ని దించి, ముందు చక్రం పైకెత్తి తాడు మీదుగా అందించాడు. ఫ్రేములో ఏదో సర్రున జారి పెడల్ దగ్గర ఠంగుమంది.

ఆమె చెవులు రిక్కించింది. ఈసారి వెనక చక్రం ఎత్తింది. సర్రుమంటూ పోయి హ్యాండిల్ దగ్గర ఠంగుమంది.

"అన్నా, బేరింగు అటూ ఇటూ నడుస్తుందా?"

ముగ్గురి చూపూ ఫ్రేము కింది గొట్టానికున్న చిన్న మూత మీద పడింది. ట్యూబు, పంపు దాచుకోమని కంపెనీవాళ్లు పెట్టిన అర అది.

"చెంచా" అన్నాడు భర్త, ఆమె చెవిలో. "మనవాడి చెంచా కనిపించట్లేదు కదా."

ఆమె కొడుకు వైపు చూసింది. తాళాలు బూట్లో, రిమోట్ వాషింగ్ మిషన్లో, ఎక్కడ కంత కనిపిస్తే అక్కడ ఏదో ఒకటి పడేస్తాడు వెధవ. ఇంకా నయం, ఏదీ మింగలేదు.

మెకానిక్ గుసగుస వినేశాడు. "ఓహో, చిన్నదొరగారి పనా! ఇంతసేపూ నా చేత కంపెనీని తిట్టించావు కదమ్మా! సైకిల్ని పిల్లలకి అందకుండా పెట్టుకోవాలని తెలీదూ?" అంటూ వంగి, మూత తీసి చెయ్యి పెట్టబోయాడు. రెండు వేళ్ల దగ్గరే ఆగిపోయింది. "నా చెయ్యి పట్టదు. సాయంత్రం రా, విప్పి తీస్తా."

"సాయంత్రం దాకా రేసు ఆగుతుందా? జరుగన్నా!"

వాచీ విప్పి భర్త జేబులో పడేసింది. సన్నటి చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది.

"కొంచెం ఎత్తండి... ఇంకాస్త... అబ్బా, ఇటు కాదు, అటు! ఆగండాగండి, తగిలింది!"

"చెంచానేనా?" అన్నాడు భర్త.

"చెంచా కాకపోతే వడ్డాణమా?" అన్నాడు మెకానిక్. "నా సామాన్లు బయటివాళ్లు ఎత్తుకుపోతుంటే, నీ సామాన్లు నీ కొడుకే దాచేస్తున్నాడు. ముందు వాణ్ణి అదుపులో పెట్టుకోమ్మా."

ఆమె లాగింది. చేతిలోకి వచ్చినదాన్ని ఒక్క క్షణం చూసి, పిడికిలి బిగించింది. పెడల్ తిప్పింది. చిన్న చప్పుడు కూడా లేదు. పిల్లాడి బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టి, "మీరు సైకిల్ బయటికి నడిపించండి, వస్తున్నా" అంది భర్తతో.

"ఇంకా అయిదు నిమిషాలే!" అంది మైకు.

ఆమె వంగి తాడు కిందుగా అవతలికి దూరింది.

"ఏయ్, ఏయ్! బోర్డు చదవడం రాదా?" అని మెకానిక్ అరుస్తూనే ఉన్నాడు. ఆమె తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి, ఆ బోర్డు వేలాడుతున్న మేకుకే ఎర్ర పిడి అలెన్ కీని తగిలించింది.