పప్పుచారులో రెండోసారి ఉప్పు

మనసును పాయలుగా విడదీసుకుని పనులు చేసుకోవడం ఊళ్లో అందరికీ మామూలైపోయింది. కర్రీపాయింట్ నడిపే వకుళ కూడా కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి పాయ పెట్టించుకుంది. తొందరలో, వాటికంటే ముందు పెట్టించాల్సిన జ్ఞాపకాలు పంచే బిళ్లను మాత్రం వద్దనేసింది. దాంతో ఒక చెయ్యి చేసింది రెండో చేతికి తెలియక, పప్పుచారులో రెండుసార్లు ఉప్పు పడింది.

"ఆ పాయలు పీకించెయ్యవే! గిరాకీ అంతా పక్క కొట్టుకి పోతోంది," అన్నాడు భర్త భద్రయ్య.

"పీకిస్తానండీ. ముందు బిళ్ల పెట్టించి, దాని మీద పాయలు మళ్లీ మొదట్నించీ అల్లిస్తాను. కొట్టు మాత్రం ముయ్యను," అంటూనే చారంతా పారబోసింది వకుళ.

మర్నాడు కుడిచెయ్యి చారులో ఉప్పేసింది. ఎడమచెయ్యి ఉప్పుడబ్బా దాకా వెళ్లి, ఆగి, మూత పెట్టేసింది.