ఐదు వేళ్ళు

ధాత్రి తన తల్లి సుధామయి బ్యాగు సర్దుతోంది.

ఐదు నెలల తర్వాత సుధామయి ఈ రోజు ఆసుపత్రి నుంచి స్కార్‌బరో ఇంటికి వెళుతోంది, వీల్‌చెయిర్‌లో.

"కాసేపు ఆగుదామే. శుక్రవారం కదా, ఆయన వస్తారేమో."

"వ్యాన్ ఫోర్‌కి వస్తుందమ్మా. వెయిట్ చేయదు."

ఆయనంటే సీతారామారావు. డెబ్భై దాటిన వాలంటీరు. ఏప్రిల్ నుంచి శుక్రవారాలు వచ్చి తెలుగు కథలు చదివి వినిపించేవాడు. కుడిచేతి చివరి రెండు వేళ్ళు సగానికే ఉండేవి. ఏమైందని అడిగితే, చలి కొరికేసిందమ్మా, రుచిగా ఉన్నట్టున్నాయి అని నవ్వేశాడు.

మే నెలలో ఒకనాడు ఆయన చదువుతుండగా సుధామయి ఉలిక్కిపడింది.

దుప్పటి కింద ఎవరో ఆమె ఎడమ పాదం పట్టుకున్నారు.

జనవరిలో హైవే మీద కారు బోల్తాపడి వెన్నుపాము దెబ్బతిన్నప్పటి నుంచి సూది గుచ్చినా తెలియని పాదం అది.

మూడు నిండు వేళ్ళు, రెండు మొండి వేళ్ళు. లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా తెలిసింది.

"మీరు పెద్దవారు, నా కాళ్ళు పట్టుకున్నారేంటండీ? నాకు ఆయుక్షీణం కాదూ?"

ఆయన మొహం పాలిపోయింది.

"నేను పట్టుకోలేదమ్మా."

ఆయన వెళ్ళిపోయినా భయం తీరక, ఆ పెద్దాయన నా కాళ్ళు ముట్టుకున్నాడని నర్సుతో చెప్పింది. ఆయుష్షు సంగతి నర్సుకేం తెలుసు? ఆవిడ మరోలా అనుకుని పైవాళ్ళకు రాసింది. ఇక రావద్దని ఆయనకు ఫోన్ వెళ్ళింది.

వారం తర్వాత డాక్టర్ అనంత్ ఆమెను కళ్ళు మూసుకోమని, ఎడమ మోచేతి లోపలి వైపు దూదితో రాశాడు. ఎక్కడ తగిలిందని అడిగాడు.

"పాదం మీద."

"కాళ్ళ నుంచి కబురు ఆగిపోయినా మెదడులో కాళ్ళ చోటు ఖాళీగా ఉండదు ఆంటీ. పక్కనున్న చేతి చోటు అందులోకి వచ్చేస్తుంది. చేతిని తాకితే కాలికి తగులుతుంది."

ఆ రోజు సీతారామారావు చదువుతూ, వింటున్నావా అన్నట్టు, ఆమె ఎడమ మోచేతిని తట్టాడు. అంతే.

తప్పు తనదేనని సుధామయి ఆసుపత్రివాళ్ళకు రాసిచ్చింది. ధాత్రి చేత ఫోన్ చేయించింది. ఆయన ఎత్తలేదు. క్షమించమని ఒక్క మాట చెప్పకుండా ఇంటికి వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదు.

ఆయన రాని శుక్రవారాల్లోనూ, ఆయన వచ్చే వేళకి, చేతిని ఎవరూ తాకకుండానే, అదే పట్టు పాదానికి తెలిసేది. అది మాత్రం ఆమె డాక్టరుకు చెప్పలేదు.

డాక్టరు మరో మాట కూడా అన్నాడు. ప్రమాదం జరిగిన రోజు మంచులో ఎవరో అంబులెన్సు వచ్చేదాకా మీ తల కదలనివ్వలేదు, అందుకే చేతులైనా దక్కాయి అని. ఆ మనిషి పేరు చెప్పకుండా వెళ్ళిపోయాడట.

బీరువా అడుగున ప్రమాదం నాటి బట్టల సంచి ఉంది. ఇన్నాళ్ళూ విప్పడానికి మనసొప్పలేదు. ధాత్రి ఇప్పుడు విప్పింది. కత్తిరించేసిన కోటు, ఒక జత మగవాళ్ళ ఉన్ని గ్లవ్స్.

"ఇవెవరివమ్మా? పేషెంట్ చేతుల నుంచి తీసినవి అని చీటీ ఉంది."

చూడమని తల్లి ఒళ్ళో పెట్టబోయింది. ఒక గ్లవ్ జారి ఎడమ మోచేతి మీద పడింది.



సుధామయి పాదాన్ని ఎవరో పట్టుకున్నారు. ఈసారి ఐదూ నిండు వేళ్ళే.

ఆమె గ్లవ్ అంచు మడత విప్పింది. లోపల ఎర్రదారంతో, ఎవరో ఇల్లాలు ఓపిగ్గా కుట్టిన తెలుగు అక్షరాలు: సీతారామారావు.

కింద వ్యాన్ హారన్ మోగింది.

మైనస్ ఇరవై ఐదు చలిలో తన గ్లవ్స్ ఆమెకు తొడిగి, ముప్పావుగంట ఉత్త చేతులతో ఆమె తల పట్టుకు కూర్చున్న ఆ మనిషి, మే పదహారు శుక్రవారం ఆ గదిలోంచి వెళ్ళాక మళ్ళీ రాలేదు.